గోడ మీద వార్త

షాపులో ఫోన్ మోగింది.

నంబరు చూసి తమ్ముడు మొహం ముడుచుకున్నాడు. "అక్కా, నీ గోడ తాత."

"నా తాతేంట్రా, నువ్వే మాట్లాడు," అంది అక్క. ఆమె చేతులనిండా గ్రీజు ఉంది.

తమ్ముడు స్పీకర్ నొక్కాడు.

"బాబూ, ఇవాళ వార్త ఇంకా పడలేదేం?" దగ్గుతో కలిసిన గొంతు.

"రాస్తోంది తాతగారూ. మా అక్కకి పనులుంటాయి కదా."

"తొందరేం లేదులే. పడగానే గోడ మీద పెడదామని."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ నవ్వుకున్నారు.

వాళ్ళది లిఫ్టు తలుపులకు తాళాలు తయారుచేసే చిన్న షాపు. లిఫ్టు వచ్చి ఆగితే తప్ప తలుపు తెరుచుకోనివ్వని తాళాలు. సరుకు గట్టిదే, కానీ అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియదు. వెబ్‌సైటు పెట్టారు. నెట్‌లో "లిఫ్టు తాళం" అని వెతికితే వాళ్ళ పేరు తొమ్మిదో పేజీలో వచ్చేది. అంత వెనక్కి తిప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? నాన్న పెట్టిన షాపు తమ చేతుల్లో మూతపడుతుందేమోనని అక్కకి బెంగ పట్టుకుంది.

అప్పుడు తమ్ముడే ఉపాయం చెప్పాడు.

"ఊరికే తాళాల ఫొటోలు పెడితే ఎవరూ రారక్కా. లిఫ్టుల లైన్లో ఏం జరుగుతోందో వార్తలు రాద్దాం. వార్త కోసం జనం వస్తారు, జనం వస్తే సెర్చ్‌లో పైకొస్తాం."

అక్క రోజుకొకటి రాసింది. ఎక్కడ తీగ తెగింది, ఎక్కడ కొత్త నియమం వచ్చింది, ఎక్కడ ఎవరు పడ్డారు. నలుగురికి ఫోన్ చేసి, నిజమని తేలాకే రాసేది. కొన్నాళ్ళకి షాపు పేరు మొదటి పేజీకి ఎక్కింది. ఆర్డర్లు వచ్చాయి. అక్క మళ్ళీ కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయింది.

తాత ఫోన్లు మొదలైందీ అప్పుడే. ఒక్క తాళం కొన్న పాపాన పోలేదు. రోజూ ఒకటే మాట, "మీ వార్త గోడ మీద పెట్టానమ్మా" అని.

"పాపం, ఆ ఇంటికి సున్నం ఖర్చు మనమే మిగులుస్తున్నాం," అనేవాడు తమ్ముడు.

ఆశకి అంతెక్కడ?

"ఒక్క వార్తకే ఇంత వస్తే, రోజుకి యాభై పెడితే?" అన్నాడు తమ్ముడు ఒకరోజు. ఎవరెవరివో వార్తలు లాక్కొచ్చి, మాటలు మార్చి పెట్టేసే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చాడు.

"నిజమో కాదో ఎవరు చూస్తార్రా?"

"చదివేవాడెవడక్కా? సెర్చ్‌కి మేత కావాలి, అంతే."

అక్కకి మనసొప్పలేదు. అలాగని వద్దనీ అనలేదు.

వారం తిరక్కుండా తాత ఫోన్ చేశాడు.

"అమ్మా, చనిపోయాడని మీరు రాసిన మెకానిక్ ఇందాకే నాతో మాట్లాడాడు. నిక్షేపంలా ఉన్నాడు. వాళ్ళింట్లోనే ఒకటే ఏడుపులు. ఆ వార్త తీసెయ్యండి."

తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. "చూస్తాం తాతగారూ, పనిలో ఉన్నాం."

"చూస్తాం కాదు బాబూ. ఇలాంటివి రాస్తే మిమ్మల్ని గోడ మీంచి తీసెయ్యాల్సొస్తుంది. నాకేమో చేతులు రావట్లేదు."

"తీసెయ్యండి. గోడకీ కాస్త గాలాడుతుంది."

అక్కకి నవ్వొచ్చింది. పైకే నవ్వింది. అది అవతలికి వినిపించే ఉంటుంది.

తమ్ముడు ఆ నంబరు బ్లాక్ చేశాడు.

తర్వాత షాపు పేరు మూడో పేజీకి, ఆరో పేజీకి జారింది. ఆపైన ఎంత వెతికినా కనిపించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అబద్ధపు వార్తలన్నీ తీసేశారు. అక్క మళ్ళీ రోజుకొకటి, కనుక్కుని కనుక్కుని రాసింది. ఎవరూ చూడలేదు. పనివాళ్ళు ఒక్కొక్కరే వేరే దారి చూసుకున్నారు.

దింపుడు కళ్ళం ఆశతో ఒకరోజు అక్క తనే తాత నంబరుకి ఫోన్ చేసింది. ఎంతైనా చదివేవాడు ఆయనొక్కడే కదా అని.

ఒక ఆడగొంతు పలికింది. "మామయ్యగారు పోయారండి. మీరెవరు?"

అక్క ఫోన్ పెట్టేసింది.

షాపు ఖాళీ చేసే రోజున ఒక మెకానిక్ వచ్చాడు. మిగిలిన తాళాలన్నీ తనకిమ్మన్నాడు.

"మా షాపు మీకెలా గుర్తుంది?" అంది అక్క.

"ఎలా మరిచిపోతాను మేడమ్? నేను చచ్చిపోయానని రాసింది మీరే."

అక్క తల దించుకుంది.

"పోనివ్వండి. తాళాలు మాత్రం మంచివి. మా లైన్ వాళ్ళమందరం గోడ మీద చూసే మీ దగ్గర కొనేవాళ్ళం."

"ఏ గోడ?"

అతను తన ఫోన్‌లో ఒక సైటు చూపించాడు. పైన పెద్దక్షరాల్లో 'గోడ' అని ఉంది. కింద వరసగా లిఫ్టు వార్తలు. ఒక్కోదాని పక్కన, అది రాసినవాళ్ళ సైటుకి లింకు. వీళ్ళ షాపు పేరు మాత్రం ఎక్కడా లేదు.

"పొద్దున్నే ఇది చూడకుండా మా లైన్లో ఎవరూ పనిలోకి దిగేవాళ్ళు కాదు. దీన్ని నడిపే పెద్దాయన పోయాక కొత్తవి పడట్లేదు. పాతవే చదువుకుంటున్నాం."

తమ్ముడు పాలిపోయిన మొహంతో అక్క వైపు తిరిగాడు. "ఇంతమంది నమ్మిన చోటు నుంచి లింకులక్కా. మనల్ని మొదటి పేజీకి ఎక్కించింది ఇవే. తాత మనవి తీసేసిన రోజు నుంచే మనం జారాం."

అక్కకి తన నవ్వు గుర్తొచ్చింది.

"ఆయన ఏం చేసేవారు?" అని అడిగింది.

"లిఫ్టు ఆపరేటర్ మేడమ్," అన్నాడు మెకానిక్, తాళాలు సంచిలో వేసుకుంటూ. "జీవితమంతా స్టూలు మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళని పైకి చేర్చి, తనొక్కడే కిందికి దిగొచ్చేవాడు."