ఎడమ వైపు అడుగులు

అన్యాయం ఎవరికి జరిగింది? చెల్లెలికి. చేసిందెవరు? తోడబుట్టిన అన్న. ఎలా చేశాడు? ఆన్‌లైన్ ఆట ఫైనల్లో, "శత్రువు ఎడమ తలుపు వెనక ఉన్నాడు, అడుగులు వినపడుతున్నాయి" అని ఆమె హెచ్చరించింది. జట్టు నాయకుడైన అతను తన చెవినే నమ్మి, అందరినీ కుడివైపుకు తిప్పాడు. జట్టు ఓడిపోయింది. "దీని చెవులు పనిచెయ్యవు. ఇక దీన్ని ఆడించను" అని జట్టంతా వింటుండగా ప్రకటించాడు. మిగతా ముగ్గురూ నోరు మెదపలేదు. నింద ఆమె మీదే మిగిలింది.

ఇప్పుడా అన్నాచెల్లెళ్లు కంప్యూటర్ల దుకాణంలో గాజు బల్ల ముందు నిలబడి వాదించుకుంటున్నారు. కంప్యూటర్‌కు బయట తగిలించే సౌండ్ కార్డు కొనడానికి వచ్చారు.

"ఫైనల్ దగ్గర్నుంచీ ఏ అడుగు ఎటు పడుతోందో నాకే తెలియట్లేదు. మన కంప్యూటర్లలో సౌండే దండగ. నీకు మాత్రం తెలిసిందంటే ఎలా నమ్మమంటావ్?" అన్నాడు అన్నయ్య.

"నాకు తెలుస్తూనే ఉంది. ఆ రోజూ తెలిసింది."

"మళ్లీ మొదలెట్టావా?"

"ఇక్కడే తేల్చుకుందాం అన్నయ్యా. నేను తప్పయితే ఆట ఊసెత్తను. ఒప్పయితే, అందరి ముందు నన్నన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. జట్టులో నా చోటు నాకివ్వాలి. అది నువ్వు నాకున్న బాకీ."

"ముందు గెలిచి చూపించు తల్లీ," అని నవ్వాడు.

దుకాణదారు మూడు సౌండ్ కార్డులు తెచ్చి బల్ల మీద పేర్చాడు. అన్నిటికన్నా పెద్దదాన్ని ముందుకు జరిపాడు. దాని చుట్టూ రంగురంగుల దీపాలు. "దీంతో చీమ నడిచినా వినపడుతుందమ్మా!"

"చీమలతో మాకు గొడవలేవీ లేవండీ. పెట్టెలు పక్కన పెట్టి వినిపించండి."

అన్నయ్య దుకాణం కంప్యూటర్లో తన ఖాతాతో ఆట తెరిచాడు. తెర మూల, మాటల లైనులో ఉన్న జట్టువాళ్ల ముద్దుపేర్లు వెలిగాయి. సాధన మైదానంలో గోడ వెనక ఒక బొమ్మ సైనికుడు అటూ ఇటూ నడుస్తుంటాడు. దుకాణదారు తెరను తనవైపు తిప్పుకున్నాడు. చెల్లెలు దుకాణం హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంది.

పెద్ద కార్డుతో విని, "బావిలో నడిచినట్టు మోగుతోంది" అంది. చిన్నదానితో, "ఇసుక జారుతున్నట్టు వెనక ఒకటే రొద." మధ్యదాన్ని తగిలించగానే ఆమె ముఖం విప్పారింది. "ఇది బాగుంది. అడుగు అడుగులాగే ఉంది. ఎడమ... ఎడమ... ఇప్పుడు కుడి."

"అన్నీ కరెక్టే," అన్నాడు దుకాణదారు. "దీనికి ఇంకో సుఖం ఉందమ్మా. ఈ మీట నొక్కితే మైకు పనిచేస్తుంది, పచ్చ దీపం వెలుగుతుంది."

చెల్లెలు మీట నొక్కింది. దీపం వెలిగింది. "హలో, హలో. అందరూ చప్పుడు చెయ్యకుండా వినాలి."

"ఎవరికే చెప్తున్నావ్, గోడలకా?" అని అన్నయ్య పకపకా నవ్వాడు.

తరువాత అతని వంతు. దుకాణం హెడ్‌ఫోన్ వద్దని, ఇంటి నుంచి తెచ్చుకున్న తనదాన్నే అదే కార్డుకు తగిలించాడు. అలవాటుగా మైకు కాడ కుడి బుగ్గ పక్కకు వచ్చేలా తలకు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"కుడి."

"ఎడమ బాబూ."

"ఇప్పుడు ఎడమ!"

"కుడి."

"కుడి... కాదా? ఎడమ... అదీ కాదా?"

"ఒక్కటీ కాదు బాబూ," అన్నాడు దుకాణదారు, జాలి పడుతూ.

"అయితే కార్డే పాడయింది!"

"నేను విన్నదీ దీంతోనే," అంది చెల్లెలు. "చెవి పాడయితే కొన్ని తప్పుతాయి, కొన్ని కలుస్తాయి. ఒక్కటీ వదలకుండా అన్నీ తిరగబడ్డాయంటే అది చెవి పని కాదు. హెడ్‌ఫోన్ తీసి చూసుకో. ఎడమ గుర్తు ఏ చేతిలో ఉంది?"

తీసి చూశాడు. ఎడమ గుర్తున్న డిప్ప అతని కుడిచేతిలో ఉంది.

"ఇంట్లో నీ ఎడమ పక్కన టేబుల్ ఫ్యాను ఉంది. మైకులో దాని మోత భరించలేమని జట్టువాళ్లు గోల పెడుతుంటే, ఫైనల్ రోజున మైకు కుడివైపుకు వచ్చేలా దీన్ని తిరగేసి పెట్టుకున్నావు. మైకుతోపాటు యుద్ధమంతా తిరగబడింది."

"తెలిసీ ఇంట్లో చెప్పలేదేం?"

"చెవులు పనిచెయ్యనిదాన్ని, నేను చెబితే నమ్ముతావా? అందుకే సాక్షి ఉన్న చోటికి తీసుకొచ్చాను."

అన్నయ్య హెడ్‌ఫోన్‌ను సరిగ్గా పెట్టుకుని మళ్లీ విన్నాడు. "ఎడమ. కుడి. ఎడమ." దుకాణదారు ప్రతిసారీ తల ఊపాడు. సైనికుడి అడుగులు అతనికి ఇంత స్పష్టంగా వినబడి చాలా రోజులయింది.

గొంతు తగ్గించి అన్నాడు: "తప్పు నాదే. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. జట్టును ఓడించింది నువ్వు కాదు, నేను. నీ చెవుల గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. రేపట్నుంచి నీ చోటు నీదే. కానీ, ఈ ఫ్యాను సంగతి మాత్రం వాళ్లకు చెప్పకే. కెప్టెన్ని, పరువు పోతుంది."

"నేనెందుకు చెబుతాను అన్నయ్యా? నీ బాకీ చెల్లయిపోయింది," అంటూ చెల్లెలు సౌండ్ కార్డు వైపు వేలు చూపించింది. పచ్చ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

అతని హెడ్‌ఫోన్‌లో ముగ్గురి నవ్వులు ఒక్కసారిగా పేలాయి.

"మొత్తం విన్నాం కెప్టెన్! ఈసారి ఫ్యాను మోత కూడా లేదు!"