పంటి గాటు

కర్నూలు డాక్టరమ్మ దేవేంద్రప్ప పన్ను చెడగొట్టింది. అందులో రెండో మాట లేదు.

దవడ పన్ను సలుపుతుంటే కోడుమూరు నుంచి పోయి చూపించుకున్నాడు. ఆమె దానికి సిమెంటు పెట్టింది. ఎలాగూ నోరు తెరిచినాడు కదా అని, ముందు పంటి అంచున ఉన్న గాటును కూడా పూడ్చేసింది. ఒక మాట అడగలేదు. నలభై ఏండ్లు మగ్గం గుంతలో కూర్చుని, పోగులు పంటితో తెంపితే పడిన గాటు అది.

నాలుగో రోజు మళ్లీ పోయి కుర్చీలో కూర్చున్నాడు. పక్కింటి అయ్యన్న తోడొచ్చాడు. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుందా, నమిలేటప్పుడు సిమెంటు ఎత్తుగా తగులుతుందా అని డాక్టరమ్మ శివాని అడిగింది. దవడ పంటికి రెండూ ఉన్నాయన్నాడు. కొత్తలో కొందరికి అట్లా ఉంటుంది, ఎత్తు కాస్త అరగదీస్తానందామె.

"దాని జోలికి పోవద్దు. అది ఓర్చుకుంటా. ముందు పంటిది తియ్యి."

"దానికి నొప్పే లేదు కదా పెద్దాయనా. మాట కూడా బాగా వస్తాండాది. మునుపు పంటి సందులో గాలి పోతాండె."

"పోగు తెగడంల్యా."

అయ్యన్న నవ్వాడు. "యాడి పోగప్పా? సిద్దమ్మక్క కాలం చేసిన నెలకే మగ్గం అమ్మేస్తివి, గుంత పూడిస్తివి."

దేవేంద్రప్ప అతని వైపు చూడలేదు. పెండ్లాం సిద్దమ్మను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవని మనిషి, పాడె లేచినా కన్ను తడవని మనిషి అని ఊరంతా చెప్పింది ఈ అయ్యన్నే.

తీస్తే చలికి, వేడికి ఆ పన్నూ జివ్వుమంటుంది, విరిగినా విరుగుతుంది అని డాక్టరమ్మ హెచ్చరించింది.

"విరగనీ. పన్ను నాది. పెట్టేటప్పుడు నన్నడిగినావా? తీసేటప్పుడూ అడగొద్దు."

ఆమె తీసేసింది. పుక్కిలించిన నీళ్లు సూదుల్లా గుచ్చాయి. నాలుకతో గాటు తడిమి చూసుకుని, లేచి చెప్పులేసుకున్నాడు.

మరుసటి పొద్దున గోడ అవతలి నుంచి అయ్యన్న తొంగి చూశాడు.

"ఏమప్పా, నూలు కండె అయిపోతే ఇంకోటి తెమ్మని వంటింటి వైపు తిరిగి వేస్తావుంటివే, ఆ పంటి ఈల మళ్లా మొదలుపెట్టినావు. మగ్గం లేని ఇంట్లో ఎవురికి?"

"అడిగినావు, అయిపోయింది. ఇంక ఆ మాట ఎత్తొద్దు."

దేవేంద్రప్ప కూడా మళ్లీ ఎన్నడూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆ ఈలే సిద్దమ్మ పేరు.