కారణం గడి

నరకబోయే ప్రతి చెట్టుకూ రిజిస్టరులో కారణం రాయాలి. రేంజరు నలభై ఒక్క చెట్లకూ "లోపల డొల్ల" అని ఒకే కారణం రాసిపారేశాడు. డొల్లదో కాదో తేలాలంటే మానును సుత్తితో కొట్టి, చెవి పెట్టి వినాలి. వాన ముంచుకొస్తోందని అతను ఒక్కదాన్నీ కొట్టలేదు.

"ఒక్కసారి కొట్టి చూడండి సార్, పచ్చగా ఉన్నాయి" అని ముసలి వాచరు అన్నాడు కూడా.

"నాకు తెలుసులే బాబాయ్" అని అతని నోరు మూయించాడు.

రాత్రి చెక్క గోడల ఆఫీసులో రేంజరు గోడకు చేరగిలబడి సంతకాలు పెడుతుంటే, బయట గోడ మీద ఠక్కుమని చప్పుడైంది. ఎవరో చెవి పెట్టి వింటున్నట్టు కాసేపు నిశ్శబ్దం. తర్వాత పక్క చెక్క మీద మళ్లీ ఠక్కుమంది.

"బాబాయ్, ఏంటీ వేళాకోళం?" అని అరిచాడు.

"నేనిక్కడే ఉన్నాను కద సార్" అన్నాడు వాచరు, గదిలో మూలనుంచి. "సుత్తి కూడా నా దగ్గరే ఉంది."

చప్పుడు చెక్క చెక్కకూ ఆగి వింటూ గది చుట్టూ తిరిగింది. రేంజరు వీపు ఆనించిన చోటికొచ్చి ఆగింది.

దెబ్బ గోడ మీదే పడింది. చప్పుడు మాత్రం అతని గుండెల్లోంచి డొల్లగా వచ్చింది.

గోడ అవతల ఎవరో తీరిగ్గా కాగితం మీద రాసుకుంటున్నారు.