చిన్న సైజు

మా కెమిస్ట్రీ ల్యాబులో గ్లౌజులన్నీ పెద్ద సైజే. నా చేతులకు అన్నయ్య చొక్కా తొడిగినట్టుంటాయి. ఆ రోజు ఫ్లాస్కు జారి, నెలరోజుల పని నేలపాలైంది.

"ఆడపిల్లల చేతులకు వెన్న రాసుంటుందేమో," అన్నారు ప్రొఫెసర్. "ఇంకోటి పగిలితే ల్యాబు తాళం ఇచ్చేసి వెళ్ళు."

"చిన్న సైజు తెప్పించండి సార్."

"మేమంతా వీటితోనే పైకొచ్చాం తల్లీ."

'అందరికీ చోటు' అని పరిశోధక విద్యార్థులం పెట్టుకున్న సంఘం పోరగా పోరగా చిన్న సైజు డబ్బా ఒకటి వచ్చింది. మర్నాటికే సగం ఖాళీ. ల్యాబులో ఆడపిల్లను నేనొక్కదాన్నే.

దొంగను పట్టుకుందామని తలుపు తోశాను. ప్రొఫెసర్ గారు ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డారు. గ్లౌజులు ఆయన చేతులకు అతికినట్టున్నాయి.

"నేను పగలగొట్టినవాటి ముందు నీదో లెక్కా?" అన్నారు తల తిప్పకుండా. "ఇంకో డబ్బాకి రాయమ్మా. వచ్చాక నావి మాత్రం పెద్ద సైజు డబ్బాలో సర్దు."