వాన తగ్గేదాకా

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్‌లో డాక్టర్ యోగిత మొబైల్ హోమ్ ముందు, ఇంటికి ఆనకుండా నాలుగు స్తంభాల మీద లేచిన పోర్చ్‌కి దినేశ్ చివరి రేకు బిగించాడు. వాన మొదలైంది.

"నా లీజ్ అయిపోయింది యోగితా. ఈ లాక్‌డౌన్‌లో ఎవరూ ఇల్లివ్వట్లేదు. రెండు వారాలు ఇక్కడుండనివ్వు."

"మనం ఒకే ఇంట్లో అద్దెకున్నప్పుడు, నేను కోవిడ్ వార్డు నుంచి రాగానే నా సూట్‌కేసు గేటు బయట పెట్టావు. ఆ రోజూ వానే."

"భయపడ్డాను. అందుకేగా ఇవాళ సాయానికొచ్చా."

"థాంక్స్. ఇక వెళ్ళు."

అతను స్తంభానికి ఆనుకున్నాడు. "ఇది ఇల్లు కాదుగా. వాన తగ్గేదాకా ఉంటాను."

"ఇదీ నాదే. దిగు."

అతను తడుస్తూ రోడ్డెక్కేదాకా ఆమె పోర్చ్‌లో నిలబడి చూసింది. జాలి కలుగుతుందేమోనని ఎదురుచూసింది. కలగలేదు. లోపలికెళ్ళి అన్నం వండుకుని కడుపునిండా తింది.