మన్నూబియా, పదహారేళ్ళు

మట్టికి మాటనిచ్చి, మాటకు అక్షరమనే నీడనిచ్చిన దయామయునికి తొలి వందనం. ఇక కథ.

ట్యునీషియాలో, బిజర్త్ రేవు పక్కన ఉన్న గ్రంథాలయం మేడమీది గదిలో, ప్రతి నవలకూ వెనక అట్ట లోపల ఒక గీతల కాగితం అంటించి ఉంటుంది. చదివినవారు తమ అభిప్రాయాన్ని దాని మీద రాయాలి. కింద పేరు, వయసు. పదమూడు మొదలు పద్దెనిమిదేళ్ళ వారికి అని పైన అచ్చులో ఉంటుంది.

ఆ కాగితం ముందు మన్నూబియా చాలాసేపు కూర్చుంది. అక్షరం ఆమెకు ఆలస్యంగా లొంగింది. మొదటి పుట నుంచి చివరి పుట దాకా తానుగా చదివిన తొలి నవల ఇదే. దాని గురించి ఎవరితోనైనా మాట్లాడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఇంటి పెత్తనమంతా సామియాది. నిన్న ఆమెతోనే మొదలుపెట్టింది.

“నవల పూర్తయింది, సామియా. చివర్లో ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా?”

“ఏం చేస్తే మనకేం? మిరపకాయలు ఎండలోంచి తీయడం అయిందా?”

మన్నూబియా లేచి మిరపకాయల వైపు నడిచింది.

నవలలో ఒక పిల్ల నావికుడి కోసం ఏడేళ్ళు ఎదురుచూస్తుంది. తీరా ఓడ వచ్చిన పొద్దున రేవుకు వెళ్ళదు. తలుపు గడియ వేసుకొని కూర్చుంటుంది. కాగితం మీద అందరూ ఆమెను తిట్టిపోశారు. ‘పిరికిది’ అన్నారొకరు. ‘రాసినాయనకు ముగింపు తోచలేదు’ అన్నారు ఇంకొకరు.

మన్నూబియా పెన్సిలు అందుకుంది. ‘ఆమె పిరికిది కాదు. ఏడేళ్ళలో తన ముఖం మారిపోయిందని ఆమెకు తెలుసు. ఆ సంగతి అతని కళ్ళలో చదవడం ఇష్టం లేకపోయింది.’

పేరు రాసింది. వయసు దగ్గర పెన్సిలు కాస్త ఆగింది. పదహారు అని వేసింది.

మరుసటి వారం కింద జవాబుంది. ‘నీ మాట ఒప్పుకోను, మన్నూబియా. ముఖం మారితే మనిషి మారుతుందా? నేనే ఆ నావికుణ్ణయితే ఆమెను చూడగానే గుర్తుపట్టేవాణ్ణి. వజ్దీ, 17.’

తన పేరును మరొకరి చేతిరాతలో చూసి ఎంతకాలమైందో ఆమెకు గుర్తురాలేదు. నాలుగుసార్లు చదివింది. ఒక్కటే మాట రాసింది. ‘గుర్తుపట్టలేవు.’

ఆపై వారం: ‘పందెం. వచ్చే శనివారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. మల్లెల గుత్తి తెస్తాను. నువ్వు ఏ గుర్తూ తేవద్దు. నేనే కనిపెడతాను.’

ఆ వారమంతా మన్నూబియా గిన్నెలు తోముతూ తనలో తాను వాదించుకుంది. అతడు ఇలా అంటే తాను ఇలా అనాలి. ఓడ పేరు గురించి అడగాలి. మూడో అధ్యాయంలో తల్లి ఎందుకు నవ్విందో అడగాలి. అన్నిటికన్నా ముందు, నవ్వకుండా నిలబడాలి.

శనివారం తెల్లని పట్టు సఫ్సారీని తలమీదుగా ఒళ్ళంతా కప్పుకొని బయలుదేరింది. గ్రంథాలయం మెట్ల మలుపులో ఒకసారి ఆగింది. గుండె దడదడలాడుతోంది. మెట్లు ఎక్కినందుకో, భయానికో తెలియలేదు.

కిటికీ పక్కన ఒక కుర్రవాడు. ముందు మల్లెల గుత్తి. పక్కన అతని తరగతి పిల్ల సిరీన్, కాళ్ళూపుకుంటూ. మన్నూబియా పక్క బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచింది.

“మన్నూబియా! ఈ రోజుల్లో పిల్లకు ఆ పేరు ఎవర్రా పెడతారు?” అంది సిరీన్.

“వాళ్ళ నాయనమ్మ పేరయి ఉంటుంది. నీకెందుకు?”

“నాకేం? పూలు కొన్నది నువ్వు. పరీక్షకు కూడా ఇంత నున్నగా తల దువ్వుకోలేదు నువ్వు.”

“నవల గురించి మాట్లాడ్డానికే వచ్చాను, ఒట్టు!” అన్నాడు వజ్దీ.

“అబ్బో! నాతో మాట్లాడు మరి. ఆ పిల్ల పిరికిదే. రేవుకెళ్ళి మొహం మీద అడగాల్సింది, ఇన్నేళ్ళు ఎక్కడ చచ్చావురా అని.”

“సగం పుటలు దాటేసి చదివితే అలాగే ఉంటుంది.”

“సముద్రం నీలంగా ఉందని పది పుటలు ఎవడు చదువుతాడు?”

ఆ పది పుటలకు మన్నూబియాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నీలం అక్కడ ఎందుకుందో ఆమెకు తెలుసు. చెప్పబోయి పుట తిప్పింది.

తలుపు చప్పుడైన ప్రతిసారీ వజ్దీ చూపు అటు పరుగెత్తేది. ఆమె మీదుగానే వెళ్ళి, ఆమె మీదుగానే తిరిగి వచ్చేది.

సిరీన్ ఇంటికి వెళ్ళిపోయింది. మల్లెలు వాడుముఖం పట్టాయి. గది మూసే వేళయిందని గంట మోగింది.

మన్నూబియా లేచింది. అతని బల్ల దాకా నడిచి, అంచు పట్టుకొని నిలబడింది. ‘నేనే’ అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది.

వజ్దీ తలెత్తాడు. గబాలున లేచి, తన కుర్చీని ఆమె వైపు జరిపాడు.

“కూర్చోండి మామ్మగారూ, ఈ పూలు కూడా మీరే ఉంచుకోండి, నేను ఎదురుచూసిన పిల్ల ఇక రాదు.”

విన్నవారందరినీ ఆ దయామయుడు చల్లగా చూచుగాక. చదివిన ప్రతి పుస్తకానికీ వారికొక తోడు మాట దొరుకుగాక.