చెవికి నచ్చిన విండ్‌చీటర్

ఆవిడ కళ్ళు మూసుకుని, విండ్‌చీటర్ చేతిని చెవి దగ్గర పెట్టుకుని నలిపింది. కాదన్నట్టు తల ఊపి, దాన్ని పక్కన పడేసి ఇంకోటి అందుకుంది. సేల్స్‌గర్ల్ నోరు తెరుచుకుని చూస్తోంది. బట్టలకొచ్చినవాళ్ళు లాగి చూస్తారు, వెలుతురులో పెట్టి చూస్తారు. పుచ్చకాయ కొన్నట్టు చెవితో కొనేవాళ్ళని ఆ పిల్ల అంతకుముందు చూడలేదు.

“ఇది తీసుకోండి ఆంటీ. మెత్తటి గుడ్డ, అసలు చప్పుడే రాదు.”

“చప్పుడు రావాలమ్మా. వరండాలో నడిస్తే లోపలి గదిలోకి వినపడాలి.”

ఆ పిల్ల నవ్వు ఆపుకుంది. యాభై దాటాక పరుగు మొదలుపెట్టే ఆడవాళ్ళు ఆ షాపుకి కొత్త కాదు. డాక్టరు బెదిరిస్తే పరుగున వస్తారు, నెల తిరక్కుండా ఆ బూట్లతోనే కూరగాయలకి వెళుతుంటారు. ఈవిడా ఆ బాపతే అనుకుంది. తీరా పాదం కొలవబోతే బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. మడమ మీద పొక్కు మానకముందే ఇంకో పొక్కు లేచింది. వేసుకొచ్చిన బూట్లు ఒక సైజు చిన్నవి, పక్కన చీలిపోయి ఉన్నాయి.

“ఎవరివి ఆంటీ ఇవి?”

“మా అమ్మాయివి.”

దాంతో ఆ పిల్ల వేళాకోళం మాని పనిలోకి దిగింది. పరుగెత్తితే పాదం ఉబ్బుతుందని, వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలని చెప్పి బూట్లు మార్చి మార్చి తొడిగింది. నూలు బనియన్ చెమట తాగి బరువెక్కి ఒంటిని ఒరిపిస్తుందని, ఇట్టే ఆరిపోయే చొక్కా తీసింది. కుట్లు తొడకి గుచ్చుకోని టైట్స్ వెతికింది. బ్రా దగ్గర మాత్రం ఎవరిమాటా వినలేదు. భుజం పట్టీలు వెడల్పుగా ఉన్నదిచ్చి, ట్రయల్ రూములో వేసుకుని నాలుగు గెంతులు గెంతి చూడమంది. ఆవిడ సిగ్గుపడుతూనే గెంతింది.

బట్టలన్నీ వేసుకుని అద్దంలో వీపు చూసుకునేసరికి అక్కడ కూతురు నిలబడి ఉంది. అదే మెడ, అవే భుజాలు. ఆవిడకి దుఃఖం ఆగలేదు. గడియ పెట్టిన తలుపు వెనక కాసేపు ఏడ్చి, ముఖం తుడుచుకుని బయటికొచ్చింది.

కూతురు రోజూ తెల్లవారకముందే లేచి పరుగెత్తేది. జ్వరమని ఆసుపత్రిలో చేరి మరి తిరిగి రాలేదు. చూపు పోయిన అత్తగారు అప్పుడు ఆడపడుచు ఇంట్లో ఉంది. అసలే గుండె జబ్బు మనిషి, ఈ కబురు తట్టుకోలేదని భర్తా ఆడపడుచూ కలిసి దాచిపెట్టారు. ఆ మంతనాల్లో ఆవిడ లేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉంది, ఎవరో తినిపిస్తే తింది. ఎవరు చెప్పినా వినకుండా అత్తగారు పట్టుబట్టి వచ్చేసింది. వచ్చిన మర్నాడే, ఇంకా చీకటి విడకముందే, పక్కగదిలోంచి కేకేసింది.

“మనవరాలు పరుగుకి వెళ్ళలేదటే? చప్పుడు వినపడలేదేం?”

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. భర్త రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు, అతికించే దిక్కు ఇంకెవరూ లేరు. ఆవిడే లేచింది. కూతురి బూట్లు తొడుక్కుని, కూతురి విండ్‌చీటర్ తగిలించుకుని, వరండాలో టకటకా నడిచి గేటు తీసింది. వీధి మలుపు దాకా పరుగెత్తేసరికి ప్రాణం గొంతులోకొచ్చింది.

ఆనాటి నుంచి రోజూ అదే తంతు. పిలిస్తే పలకదేమని అడిగితే, చెవుల్లో పాటలు పెట్టుకుందత్తయ్యా అనేది. ఇంటికి ఎప్పుడొస్తోందంటే, మీరు మాత్ర వేసుకుని పడుకున్నాక అనేది. అత్తగారివి పాముచెవులు. ఒళ్ళు వెచ్చబడి ఆవిడ ఒకరోజు మానేస్తే, పిల్లకి ఏమైందో చెప్పమని ముసలావిడ కాఫీ ముట్టకుండా కూర్చుంది. ఇప్పుడా విండ్‌చీటర్ చంకలో పర్రున చిరిగింది. నిజం బయటపడిన రోజున ముసలి ప్రాణం నిలవదని, ఆ పాపం తన మెడకే చుట్టుకుంటుందని ఆవిడ భయం.

వెతగ్గా వెతగ్గా పాత సరుకులో ఒకటి సరిగ్గా సరసరమంది. కూతురు పక్కనుంచి నడిచి వెళ్ళినట్టే అనిపించి, ఆవిడ దాన్ని గుండెలకి హత్తుకుంది.

కొత్త బట్టల్లో పరుగు తేలికైంది. పాదాలు మానాయి. వీధి మలుపు దాటి, పార్కు దాటి, వంతెన దాకా వెళ్ళడం అలవాటైంది. దారి పొడుగునా ఆ సరసర పక్కనే వస్తుంటే, తోడుగా ఎవరో పరుగెత్తుతున్నట్టుండేది. తిరిగి చూస్తే ఉండదని తెలిసి ఆవిడ ఎన్నడూ తిరిగి చూడలేదు.

ఆడపడుచు చూడ్డానికొచ్చిన మర్నాడు ఆవిడ ఎండెక్కేదాకా పరుగెత్తింది. ఉక్కపోసి విండ్‌చీటర్ విప్పి నడుముకి కట్టుకుంది. చప్పుడు లేకుండా వరండా ఎక్కుతుంటే లోపల మాటలు వినిపించాయి.

“అన్నీ తెలిసేనా అమ్మా?” ఆడపడుచు అడుగుతోంది. “ఎప్పటినుంచి?”

“ఫోను పెట్టేసి వంటింట్లో కూర్చుని ఏడ్చావే, ఆ పూట నుంచే,” అంది అత్తగారు. “కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదుగా.”

ఆవిడ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బొబ్బలూ, ఆ అబద్ధాలూ, ప్రతి తెల్లవారుజామునా పడ్డ భయమూ ఇందుకా అనిపించింది.

“మరి రోజూ దాని గురించే అడిగి వదినని ఎందుకమ్మా అలా చంపుతావు? ఆ చిన్న బూట్లేసుకుని కాళ్ళు పుండ్లు చేసుకుంది.”

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“అడక్కపోతే అది మంచం దిగేది కాదే.”